హాజరీలో చివరి పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రార్థనకు ముందు హాజరీ ఉండేది. మా నాయన మిలిటరీలో పనిచేసి, మోకాలికి దెబ్బ తగిలి కోకాపేట దగ్గరి మా రాయదుర్గానికి తిరిగొచ్చిన మనిషి. ఆదివారం రేకుల చర్చిలో ముందు వరుసలో కూర్చునేవాడు, మిగతా రోజుల్లో ఒక గోదాముకు కాపలా కాసేవాడు. పొద్దుగూకగానే మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, బైబిలు తెరవకముందే వరుసగా పిలిచేవాడు. అమ్మ, పెద్దోడు, నడిపిది, ఆఖరున చిన్నది, అంటే నేను. ఎవరి వంతు వస్తే వాళ్లు "ఉన్న" అనాలి. ముందుగా అనకూడదు, ఆలస్యంగానూ అనకూడదు. ఒకపక్క ఆకలితో కడుపు కాలుతుంటే ఈ తతంగమేమిటని నాకు ఒళ్లు మండేది. ఆయన పేరు మాత్రం ఆ వరుసలో ఉండేది కాదు. ఎందుకని అన్న అడిగితే, "నా పేరు పిలిచేటోడు పైనున్నడు" అన్నాడు.

ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ చోట అప్పట్లో అన్నీ బండలే. వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. అక్కడే కంకర కోసం రాయి పేల్చేవాళ్లు. పేల్చే ముందు ఎర్రజెండా పాతి విజిల్ ఊదేవాళ్లు. అటు పోవద్దని మాకు గట్టి ఆజ్ఞ. వద్దన్న పండు మీదికే మనసు పోవడం ఆదాము నాటి నుంచీ ఉన్నదే కదా.

ఒక మధ్యాహ్నం అక్కకు మాత్రం చెప్పి, ఒక్కదాన్నే వెళ్లాను. గౌను ఒడిలో నాలుగు కాయలు పడ్డాయో లేదో, విజిల్ వినిపించింది. పరుగెత్తాలని తెలుసు, కాళ్లు కదల్లేదు. రెండు బండల మధ్య సందులో దూరి ముడుచుకున్నాను. మొదటిది పేలగానే నేల నా కడుపులో కదిలినట్టయింది. తర్వాత రెండోది, మూడోది. పైనుంచి రాళ్లు టపటపా రాలాయి. నోటినిండా మన్ను. యేసయ్యా అందామంటే గొంతు రాలేదు. నేర్చుకున్న ప్రార్థనలన్నీ మరిచిపోయాను. చచ్చిపోతానని భయం. ఈ సందులో ఉన్నానని ఎవరికీ తెలియదని అంతకన్నా ఎక్కువ భయం.

అంతలో పేలుళ్లు ఆగిపోయాయి. అది మరీ భయంగా అనిపించింది. విజిల్ వినగానే అక్క పరుగెత్తుకెళ్లి నాయనకు చెప్పిందట. జెండా దగ్గర పనివాళ్లు ఆయన చేతులు పట్టుకుని, "పోకు సారూ, ఐదు పెట్టినం, మూడే పేలినయ్" అని ఆపారట. ఆయన విదిలించుకుని లోపలికి వచ్చాడు.

మొదట నన్నే పిలిచాడు, రెండు మూడుసార్లు. నాకు వినిపిస్తూనే ఉంది, నోరు పెగలడం లేదు. తర్వాత ఆయన ప్రార్థన వేళ గొంతుతో "అమ్మ" అని పిలిచి, ఆమె పలికేంత సేపు ఆగాడు. "పెద్దోడు" అని ఆగాడు. "నడిపిది" అని ఆగాడు. ఆ బండల్లో పలకడానికి వాళ్లెవరూ లేరు.

"చిన్నది."

"ఉన్న" అన్నాను. నేను అనలేదు, నా నోరే అంది.

ఆ కుంటికాలితోనే నన్ను భుజాన వేసుకుని నడిచాడు. ఆయన గుండె నా గుండెకన్నా గట్టిగా కొట్టుకుంటోంది. మేము జెండా దాటాక వెనక నాలుగోది పేలింది. ఐదోది ఎప్పుడు పేలిందో నాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం నా వీపు విమానం మోత మోగుతుందనుకున్నాను. హాజరీ నా దాకా వచ్చింది. నేను "ఉన్న" అన్నాక ఆయన బైబిలు తెరవలేకపోయాడు. "ఇయ్యాల నేను మస్తు భయపడ్డ బిడ్డా" అన్నాడు. మిలిటరీ మనిషికి కూడా భయముంటుందని నాకు అంతవరకూ తెలియదు. భయం పోయాక అడుగేద్దామనుకుంటే ఆయన ఆ జెండా దగ్గరే నిలబడిపోయేవాడు.

చాలా ఏళ్ల తర్వాత, దవాఖానలో ఆయన ఆఖరి రోజున మేమంతా మంచం చుట్టూ ఉన్నాం. అప్పటికి మాట పడిపోయి రెండు రోజులైంది. మాలో ఎవరూ పిలవలేదు. ఆయన కళ్లు తెరిచి, పైకి చూసి, స్పష్టంగా "ఉన్న" అన్నాడు.

ఇప్పుడు కోకాపేటలో మా అపార్ట్‌మెంటు పక్కన పునాదుల కోసం బండ పేలుస్తున్నారు. సైరన్ మోగిందంటే ఈ వయసులోనూ నా కాళ్లు కదలవు. అప్పుడు నాలో నేనే హాజరీ పిలుచుకుంటాను. అమ్మ, పెద్దోడు, నడిపిది. వాళ్లెవరూ ఇప్పుడు లేరు, అయినా ఒక్కొక్కరు పలికేంత సేపు ఆగుతాను. నా వంతు రాగానే "ఉన్న" అంటాను. అని, లేచి, పక్క గదిలో భయపడి ఏడుస్తున్న మనవరాలి దగ్గరికి నడుస్తాను.