సుందరరాజు వినని మాట

బందరులో డీజిల్ బండ్లు బాగుచేసేవాళ్లలో సుందరరాజుకి మంచి పేరుండేది. నడుస్తున్న ఇంజనుకి పొడవాటి స్క్రూడ్రైవర్ కొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఎక్కడ తేడా ఉందో చెప్పేసేవాడు. చల్లపల్లి రోడ్డులో ఆయన రేకుల షెడ్డు, పక్కనే టీ కొట్టు. ఆయన పనితనం గురించి డ్రైవర్లు అక్కడ చెప్పుకునే మాటలు షెడ్డులోకి వినపడేవి. వినపడితే ఆయనకి ఇష్టంగానే ఉండేది.

2002లో అవనిగడ్డ నుంచి దుర్గాప్రసాద్ అనే రొయ్యల వ్యాపారి తన డీజిల్ అంబాసిడర్ తీసుకొచ్చాడు. చెరువులో రొయ్యలు పట్టే రోజున ముందు చేరినవాడిదే సరుకు. తన బండి అందరికన్నా ముందుండాలి, ఇంజనుకి బలం పెంచే టర్బో పెట్టమన్నాడు. అంబాసిడర్‌కి టర్బో ఏమిటని వేరేవాళ్లు నవ్వారట. సుందరరాజు నవ్వలేదు. విజయవాడ ఆటోనగర్ వెళ్లి, పాత వ్యానులోంచి తీసిన టర్బో ఒకటి వెతికి తెచ్చాడు. పైపులు తనే వంచాడు. టాంకు దించి, తుప్పు కడిగి, లావుపాటి డీజిల్ పైపు వేశాడు. పద్దెనిమిది రోజులు పట్టింది. బండి మోపిదేవి దాకా వెళ్లి వచ్చాక, దాని డ్రైవర్ పోలయ్య దిగి, "రెక్కలొచ్చినట్టుందండి మేస్త్రిగారూ" అన్నాడు.

పోలయ్యది గిలకలదిండి. చేపలుపట్టే ఇంట్లో పుట్టి, సముద్రం మానేసి పదేళ్లుగా దుర్గాప్రసాద్ దగ్గరే డ్రైవరుగా ఉన్నాడు. తక్కువ మాట్లాడే మనిషి.

నెల తిరక్కుండానే బండి దారిలో ఆగిపోవడం మొదలుపెట్టింది. చక్కగా పోతూ పోతూ ఊపిరాడనట్టు రెండు మూడుసార్లు గుంజి ఆగిపోయేది. పది నిమిషాలు వదిలేస్తే, ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. షెడ్డుకి తెచ్చాక గంటసేపు నడిపినా ఆగేది కాదు.

సుందరరాజు డీజిల్ ఫిల్టర్ మార్చాడు. పైపుల్లో గాలి తీశాడు. టాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు విప్పి బిగించాడు. టర్బోకి గాలి వెళ్లే రబ్బరు పైపు లోపల చెయ్యి పెట్టి తడిమి చూశాడు. ప్రతిసారీ "ఇక ఆగదు" అని పంపించేవాడు. రెండు రోజులకి అది మళ్లీ ఏ చల్లపల్లి దగ్గరో ఆగేది. ఒకసారి దుర్గాప్రసాద్ వెళ్లేసరికి చెరువు గట్టు మీద ఇంకొకళ్ల లారీ నిండిపోయింది.

నాలుగోసారి వచ్చినప్పుడు పోలయ్య మెల్లగా అన్నాడు: "మేస్త్రిగారూ, నెమ్మదిగా పోతే ఆగట్లేదండి. గట్టిగా తొక్కితేనే ఆగుతోంది. టాంకులో ఏదైనా ఉందేమో, ఒకసారి దించి చూడకూడదా?"

టీ కొట్టు దగ్గర అయిదారుగురు డ్రైవర్లున్నారు. దుర్గాప్రసాద్ కూడా అక్కడే నిలబడి టీ తాగుతున్నాడు.

"టాంకు నా చేత్తో కడిగాను. నాకు నువ్వు నేర్పుతావా?" అన్నాడు సుందరరాజు. ఫిల్టర్లోంచి కాస్త డీజిల్ అరచేతిలో పోసుకుని వాసన చూశాడు. "ప్రసాద్ గారూ, బండిలో ఏ లోపమూ లేదండి. డీజిల్ అమ్ముకుని కిరసనాయిలు కలుపుతుంటే ఏ ఇంజను నడుస్తుంది?"

వాసన వచ్చిన మాట నిజమే. పొద్దుటినుంచీ ఆయన ఆ చేతులతోనే కిరసనాయిల్లో సామాన్లు కడుగుతున్నాడు. ఆ సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. కానీ మాట నోరు దాటిపోయింది, అందరూ విన్నారు, పైగా ఆ మాటతో తప్పు తన మీద నుంచి తొలగిపోయింది.

దుర్గాప్రసాద్ పోలయ్య వైపు చూశాడు. "నిజమేనా?"

"నేనలాంటివాణ్ణి కాదండి."

"మేస్త్రికి అబద్ధం చెప్పాల్సిన పనేంటి?"

పోలయ్య తాళాలు బానెట్ మీద పెట్టి, సీట్లోని తువ్వాలు తీసుకుని, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

కొత్త డ్రైవర్ చేతిలోనూ బండి వారంలోపే ఆగింది. "పాత కిరసనాయిలు ఇంకా లోపలుంది" అని చెప్పాడు సుందరరాజు.

మర్నాడు టాంకుతో సంబంధం లేకుండా చేసి చూశాడు. పది లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి, ముందు సీటు దగ్గర కట్టి, నేరుగా పంపుకి పైపు కలిపాడు. తనే నడుపుకుంటూ, తొక్కిన కాలు తియ్యకుండా అవనిగడ్డ దాకా వెళ్లి వచ్చాడు. బండి ఒక్కసారి కూడా గుంజలేదు.

షెడ్డు తలుపు మూసి టాంకు దించాడు. అడుగున అరచేయంత పాలిథిన్ ముక్క ఉంది. దానికి ఎర్రదారం ముడి. టాంకు కడిగిన రోజున లోపల దుమ్ము పడకుండా పైపు మూతికి తనే కట్టిన ముక్క అది. తియ్యడం మరిచిపోయి బిగించేశాడు, బిగించేటప్పుడు అది ఊడి లోపల పడిపోయింది. గట్టిగా తొక్కినప్పుడల్లా అది పైపు మూతికి అతుక్కుని డీజిల్ రానిచ్చేది కాదు. బండి ఆగగానే జారి కిందపడేది.

ఎవరూ చూడలేదు. సుందరరాజు దాన్ని జేబులో పెట్టుకున్నాడు. దుర్గాప్రసాద్‌తో, "తుప్పు పెచ్చు అడ్డుపడిందండి, తీసేశాను" అన్నాడు. బండి మళ్లీ ఆగలేదు. టీ కొట్టు దగ్గర మళ్లీ ఆయన పేరు వినపడింది. ఈసారి లేచి షెడ్డు లోపలికి వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత ఆయన భార్య దయామణి చేపల మార్కెట్ నుంచి వచ్చి, "పోలయ్య భార్య సత్యవతమ్మ కనపడిందండీ. ఎప్పట్లాగే మంచి చందువా ఏరి ఇచ్చింది. మీరు కులాసాగా ఉన్నారా అని అడిగింది. పోలయ్య ఎవరి బోటు మీదో కూలికి వేటకెళ్తున్నాడట, అలవాటు తప్పి నడుం పట్టేసిందట" అంది.

ఆ మధ్యాహ్నం కంచంలో చేపముక్క అలాగే ఉండిపోయింది. సుందరరాజు భార్యకి అంతా చెప్పాడు. ఆవిడ అంతా విని, "నాకు చెప్తే ఏం లాభం?" అంది.

మరుసటి ఆదివారం గిలకలదిండి వెళ్లాడు. పోలయ్య ఇంటి ముందు కూర్చుని వల అల్లుతున్నాడు. సుందరరాజు నిలబడే చెప్పాడు, జేబులోంచి ఆ ముక్క తీసి చూపించాడు.

పోలయ్య దాన్ని ముట్టుకోలేదు. "టాంకులో ఉందని నాకు తెలుసండి."

"తెలిస్తే గట్టిగా చెప్పకపోయావా?"

"చెప్పానండి."

సుందరరాజు తల దించుకున్నాడు. పోలయ్యే మళ్లీ అన్నాడు: "పని పోయింది, పోనివ్వండి. మా అమ్మాయి అడిగింది, నాన్నా, నువ్వు నిజంగా కలిపావా అని. నేను లేదనే చెప్పాను. నా మాట కాదు, మీరు చెప్పండి."

పోలయ్య కూతురు లక్ష్మీదుర్గ తొమ్మిదో తరగతి. పుస్తకం చేత్తో పట్టుకునే గడపలోకి వచ్చింది. యాభై రెండేళ్ల సుందరరాజు ఆ పిల్ల ముందు మాటలు కూడదీసుకున్నాడు. "తప్పు నాదమ్మా. మీ నాన్న ఏమీ చెయ్యలేదు."

ఆ పిల్ల విని, "అది అందరి ముందూ అన్నారు కదండీ. ఇది కూడా అందరికీ చెప్పారా?" అంది.

"లేదమ్మా."

ఆ పిల్ల లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున దుర్గాప్రసాద్‌ని పిలిపించి, టీ కొట్టు ముందు, వచ్చిన డ్రైవర్లందరి ఎదుటా, పాలిథిన్ ముక్క బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. దుర్గాప్రసాద్ ముఖం ఎర్రబడింది. "నా చేత కూడా పాపం చేయించారు కదండీ మేస్త్రీ" అని బండెక్కి వెళ్లాడు. అటునుంచి అటే గిలకలదిండి వెళ్లి పోలయ్యని మళ్లీ రమ్మన్నాడట. పోలయ్య రానన్నాడు. కొన్నాళ్లకి ఒక ఐసు ఫ్యాక్టరీ వ్యానుకి డ్రైవరుగా కుదిరాడు.

సుందరరాజు దగ్గరికి వచ్చే బండ్లు సగానికి తగ్గాయి. ఆ తర్వాత మెల్లగా కొన్ని తిరిగి వచ్చాయి. ఆయన ముందులాగే పనిచేశాడు. కాకపోతే బండి రాగానే బానెట్ ఎత్తడం మానేశాడు. డ్రైవరుని స్టూలు మీద కూర్చోబెట్టి, ఎప్పుడు, ఎక్కడ, ఎంత వేగంలో అని అడిగి, అతను చెప్పడం అయ్యేదాకా చేతులు కట్టుకుని వినేవాడు.

పోలయ్య ఐసు వ్యానుకి ఏ రిపేరు వచ్చినా గుడివాడ తీసుకెళ్లి చేయించేవాడట. రోజూ ఆ షెడ్డు ముందునుంచే వెళ్లేవాడు. వ్యాను కనపడితే సుందరరాజు చేతిలో పని వదిలి లేచి నిలబడేవాడు. పోలయ్య కొన్ని రోజులు చూసి తలాడించేవాడు. కొన్ని రోజులు చూడకుండా వెళ్లిపోయేవాడు.