రెండో పిలుపుకే పలికిన టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ పోయారు. మదనపల్లెలో ఉండే ఆమె మేనకోడలు పొద్దున్నే కుప్పంలో ఉన్న నాకు ఫోన్ చేసి, "రాత్రి నిద్రలోనే పోయిందక్కా, ఎవర్నీ కష్టపెట్టలేదు" అంది. నిజమే, కష్టపెట్టేదంతా ఆమె బతికుండగానే పెట్టేశారు. పుంగనూరు ఆడపిల్లల బడిలో ఆమె మొట్టికాయ తినని తల ఒక్కటీ లేదు. ఫోన్ పెట్టేశాక ఏ పనీ తోచలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవబుద్ధి కాలేదు.

ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగినవాళ్ళకు "నన్ను భరించేటోడు దొరకలే" అనేవారు. భుజానికి గుడ్డసంచి, వేళ్ళకు సుద్దపొడి, మెడలో ఈల. డ్రిల్లు మాస్టరు లేని బడి కాబట్టి ఆ పనీ ఆమెదే. దయ్యాల మాటెత్తితే ఒళ్ళు మండేది. "ఉండాదంటే పట్టకరాండే, సీసాలో పెట్టి మీకే పాఠం చెప్తా" అనేవారు.

డెబ్బైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఒక చలికాలం శనివారం ఆమె మా ఆరుగురిని కొండెక్కించారు. ఒంటిపూట బడి అయ్యాక మదనపల్లె బస్సు, అక్కడినుంచి కురబలకోట, ఆపైన నడక. కొండ మీద గొర్రెలు మేపుకునే ఒక అవ్వ గుడిసెలో రాత్రికి పడుకుని ఆదివారం దిగిరావాలి. ఆ అవ్వ మదనపల్లె సంతలో కంబళ్ళు అమ్ముతూ టీచరమ్మకు పరిచయమైంది. సంగతి విని మా నాయనమ్మ ఇల్లు పీకి పందిరేసింది. "ఆడపిల్లకి కొండలెక్కే సదువేందమ్మా?" టీచరమ్మ మా ఇంటికే వచ్చారు. "నీ మనవరాల్ని ఈ గడపలోంచి తీసకపోతాండా, ఈ గడపలోకే తెచ్చి అప్పజెప్తా. పూచీ నాది" అన్నాకే నాయనమ్మ నోరు మూతపడింది.

సగం ఎక్కేసరికే మంచు దిగింది. ముందు నడిచే పిల్ల జడ కూడా కనబడలేదు. గొర్రెల మెడగంటలు ఒకసారి ఎడమవైపు, ఒకసారి సరిగ్గా తల మీద మోగేవి. గొర్రె మాత్రం ఒక్కటీ కనబడేది కాదు. ఒకరి ఓణీ కొంగు ఒకరు పట్టుకుని ఆమె వెనకే నడిచి, దీపాలు పెట్టేవేళ దాటాక గుడిసె చేరాం. అవ్వ గొర్రెలను దొడ్లోకి తోలి, మమ్మల్ని లోపలికి పిలిచి, తడిక బిగించి, సంగటీ ఊరిబిండి పచ్చడీ పెట్టింది. వడ్డిస్తూనే తన కథ చెప్పింది. ఏళ్ళ కిందట ఇలాంటి మంచులోనే ఎవరో పిలిస్తే ఆమె భర్త పలికి బయటికి పోయాడట. మళ్ళీ రాలేదు. ఒక్కగానొక్క కొడుకు బెంగళూరులో రాళ్ళ పనిలో ఉన్నాడు. ఇదంతా ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

మేము చేతులు కడుక్కుంటుండగా బయటినుంచి పిలుపు వచ్చింది.

"ఓ...య్."

మగగొంతు. దూరమో దగ్గరో తెలియలేదు. అవ్వ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది.

"పలకొద్దండి" అంది గుసగుసగా. "నా కొడుకు గొంతు మాదిరి వస్తాండాది. వాడు బెంగుళూరులో ఉండాడు, ఈడికి యాల వస్తాడు? మూడుతూర్లు పిలిస్తేనే మనిషి."

"ఓ...య్" అని మళ్ళీ వినిపించింది. అందరం మూడో పిలుపు కోసం కాచుకుని కూచున్నాం. దొడ్లో గొర్రెలు కూడా మెదలడం మానేశాయి. మూడోది రాలేదు.

అవ్వ తడికకు వీపు ఆనించి కూలబడింది. టీచరమ్మ లాంతరు అందుకున్నారు.

"జరుగవ్వా."

"మా ఇంటాయన పోయింది ఇట్లేనమ్మా. పలికితే తీసకపోతాది."

"పలికేది నేను గదా, తీసకపోతే నన్నే తీసకపోనీ. ఒకేళ మనిషైతే? మూడోతూరి పిలిసే సత్తువ లేనోడైతే? తెల్లారినాక సూసి ఏం జేస్తాం?"

అవ్వ ఏడుస్తూ జరిగింది. టీచరమ్మ మావైపు తిరిగి, "ఈల ఏస్తా పోతా. ఈల ఇనపడినంతసేపు నేను బాగుండాను" అన్నారు. తడిక తీసి, "వస్తాండా" అని గట్టిగా పలికి, మంచులోకి నడిచారు. నాలుగడుగులు వేశారో లేదో లాంతరు వెలుగు కూడా లేదు.

ఈల వినిపించింది. కాస్త కిందుగా మళ్ళీ వినిపించింది. ఆ తర్వాత, ఎలాగో తెలియదు, గుడిసె వెనకనుంచి వినిపించింది. ఆపైన ఆగిపోయింది. అవ్వ మా నోళ్ళవైపే చూస్తోంది, ఎవరైనా పలుకుతామేమోనని. చాలాసేపటికి తడిక కదిలినప్పుడు ఒక్కరం కూడా లేవలేదు. "నేనే. తీయండే, మొద్దుల్లారా" అన్న తిట్టు విన్నాకే ప్రాణం లేచివచ్చింది. దయ్యాలకు మాతో అంత చనువు లేదు.

"కంబళి తీసుకో అవ్వా. నీ కొడుకే."

చెప్పాపెట్టకుండా ఇంటికి బయలుదేరి, మంచులో కాలుజారి బండ కింద పడ్డాడు. కాలు విరిగింది, తల పగిలింది. కంబళి అంచులు తలా ఒకవైపు పట్టుకుని మోసుకొచ్చి నిప్పు పక్కన పడుకోబెట్టాం. టీచరమ్మ తన చీర చించి కట్లు కట్టారు. తెల్లవార్లూ అక్కడే ఉండుంటే చలికే పోయేవాడని మదనపల్లెలో డాక్టరు తర్వాత అన్నాడట.

అతను కళ్ళు తెరిచాక అవ్వ తల నిమురుతూ అడిగింది. "రెండుతూర్లు పిలిసి యాల నిలిపేస్తివప్పా? ఇంగొక్కతూరి పిలిసుంటే నేనే వస్తాంటి గదా."

"నేను యాడ పిలిస్తినమ్మా? జారింది గుర్తుండాది. మళ్ళా ఈ టీచరమ్మ మొగం సూసిందే."

అవ్వ కొడుకు మొహంలోకి చూసింది. "మీ నాయన గొంతూ నీ గొంతూ ఒకటే అనేటోళ్ళు" అంది.

ఎనభైల్లో, నేను కుప్పంలో ఉద్యోగంలో చేరబోయే ముందు, ధైర్యం చేసి టీచరమ్మను అడిగాను. ఆ పిలుపు ఎవరిదని. "తల పగిలినోడికి తాను పిలిసింది గుర్తుంటాదా? వాడే పిలిసుంటాడు" అన్నారు విసుగ్గా. మళ్ళీ తనే, "పెదాలు మాత్రం నెత్తురు గడ్డగట్టి అతుక్కపోయుండాయి. నేనే నీళ్ళతో తడిపి ఇడదీస్తి" అన్నారు. తెలియనిదాన్ని తెలుసని ఆమె ఏనాడూ చెప్పలేదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్న సైన్సంతా అదే. "ఎవురు పిలిస్తే ఏమే, ఆడొక మనిషి పడిండేది నిజం గదా" అన్నది కూడా ఆమే. బడిలో ఎంత పనిలో ఉన్నా, ఎవరైనా టీచర్ అని ఒక్కసారి పిలిస్తే చాలు, చేతిలోది కింద పెట్టి తిరిగేవారు. ఆమె లేరంటే, పిలిస్తే పలికే మనిషి ఒకరు నాకు తగ్గిపోయినట్టే ఉంది.

ఆ ఆదివారం పొద్దున మేపుకు వచ్చిన కాపర్లు మంచం తెచ్చి అతన్ని ఎత్తుకున్నారు. మంచు ఇంకా విడవలేదు. "మీరు పోతాండండి, ఎనకాలే వస్తా" అని అవ్వ గుడిసె ముందే నిలబడిపోయింది. మేము కాస్త దిగామో లేదో పైనుంచి ఆమె గొంతు వినిపించింది.

"ఓ... పలకతాండా... పిల్లోడు దొరికినాడయ్యా..."

మంచం మోసేవాళ్ళు అడుగులు వడి చేశారు. టీచరమ్మ వాళ్ళకు చెయ్యి అడ్డం పెట్టారు.

"నిలపండప్పా. ఆమె మాట్లాడతాండాది."

వాళ్ళు మంచం దించారు. ఆ తెల్లటి మంచులో అందరం కదలకుండా నిలబడ్డాం. పైన అవ్వ ఒక్కో మాట చెప్పి ఆగుతోంది, అవతలి మనిషి చెప్పేది వినేంతసేపు ఆగి, మళ్ళీ జవాబు చెబుతోంది.