మా జేజి కప్పను రోకలికి కట్టిన ఊరికి

నిన్న పొద్దున పొదిలిలో మా షాపులో ఉన్నాను. బోరు మోటారు విప్పదీసి, చేతుల నిండా గ్రీజు. గిద్దలూరు నుంచి బాబాయి ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టాను.

"జేజి పోయిందిరా."

చేతిలో స్పానర్ అలాగే ఉండిపోయింది. మొన్న ఆదివారమే కదా పక్కన కూర్చుని టీ తాగింది!

మా నాయనమ్మ, తొంభై దాటిన మనిషే. అయినా నమ్మబుద్ధి కాలేదు.

ఏడవడానికే వెళ్ళాను. ఏడవనివ్వలేదు.

సాయంత్రం రాచర్ల పక్కన మా ఊళ్ళో మట్టి చేస్తుంటే, వెనక నుంచి ఒక పెద్దమనిషి అన్నాడు:

"ముసలామె పోయె గదా, ఇంక ఈ ఏడన్నా వానలొస్తాయిలే."

నలుగురు నవ్వారు. గుంత ఇంకా పూర్తిగా పూడ్చలేదు.

నిన్న అక్కడ గొడవెందుకని నోరు మూసుకున్నాను. ఈ పోస్టులో మూసుకోను.

మా ఓబులమ్మ జేజికి అప్పుడు తొమ్మిదేళ్ళట. తెల్లదొరల కాలం. మనం మద్రాసు ప్రెసిడెన్సీలో, కర్నూలు జిల్లాలో ఉన్న రోజులు.

ఇప్పుడు పిల్లలు పెట్స్ అంటారే, జేజికి ఒక పెట్ ఉండేది. చెట్టు కప్ప.

వాళ్ళ వంటింట్లో నీళ్ళ కుండ వెనక దొరికిందట. వెడల్పు మూతి కుండలో తడి ఇసుక పోసి, వేపకొమ్మ గుచ్చి అందులో పెట్టింది. పైన పగిలిన పలక మూత. చెదలు, దీపం పురుగులు ఏరుకొచ్చి వేసేది. చీకటి పడగానే మూత తీసేది. అది గోడలంతా తిరిగి, తెల్లారేసరికి తనంతట తనే మళ్ళీ కుండలోకి వచ్చి కాళ్ళు ముడుచుకుని పడుకునేదట.

పేరు పెట్టలేదు. "ఏమే" అని పిలిచేది.

ఆ ఏడు కరువు. చెరువు బీటలు వారింది. బావిలో ఊట కోసం ఆడవాళ్ళు గంటలు గంటలు కూర్చునేవాళ్ళు. జేజి తను తాగే చెంబులోంచి కొంచెం మిగిల్చి కుండలో ఇసుక తడిపేది. చూస్తే తంతారని చాటుగా.

వాన కోసం కప్పతల్లి ఆడాలన్నారు ఊళ్ళో. రోకలికి కప్పను కట్టి, వేపాకు చుట్టి ఇల్లిల్లూ తిప్పితే, ప్రతి ఇంటి ఆడమనిషీ దాని మీద నీళ్ళు పోస్తుంది. కానీ కప్ప ఏది? ఆ ఎండకి ఊరంతా వెతికినా ఒక్కటి దొరకలేదు.

జేజి కుండలో తప్ప.

వాళ్ళ పెదనాయనే వచ్చి చేయి పెట్టి తీసుకున్నాడట.

"ఊరికంతా వాన రావాల్నంటే, నీ కప్ప ఏమన్నా పెద్దదా ఏంది?"

"ఇది చెట్టు కప్ప పెదనాయనా, నడుము సన్నం. గట్టిగా కట్టబాకండి."

గట్టిగానే కట్టారు. పులినేమైనా కడుతున్నామనుకున్నారో ఏమో.

జేజి ఆ రోకలి వెంటే నడిచింది. నాలుగో ఇంటి దగ్గర అది కాళ్ళు వేలాడేసింది. "సచ్చిపోయింది, ఇప్పండి" అని అరిస్తే, "నోర్మూసుకో, అట్ల అనగూడదు" అని నెత్తిన ఒకటి మొట్టారు. మిగిలిన ఊరంతా చచ్చిన కప్పనే తిప్పారు. ఇంటింటా దాని మీద నీళ్ళు పోశారు. అది బతికున్నప్పుడు దానికి గుక్కెడు నీళ్ళు దాచిపెట్టింది ఈ పిల్ల ఒక్కతే.

వాన రాలేదు.

తప్పు ఎవరిది? కట్టినవాళ్ళదా? అబ్బే. "ఆడపిల్ల ముట్టి పెంచిన కప్ప, ఎంగిలి మెతుకులు తిన్న కప్ప, దానికి వాన యాడొస్తాది" అన్నారు.

కప్ప మెతుకులు తినదు. పురుగులు తింటుంది. ఊళ్ళో ఆ సంగతి తెలిసింది ఆ తొమ్మిదేళ్ళ పిల్లకే.

ఆ రోజు నుంచి ఊరికి ఆమె "వాన తిన్న పిల్ల". విత్తనానికి గొర్రు కట్టుకుని పోతుంటే ఎదురు రావద్దన్నారు. మేనత్త కొడుక్కే ఇచ్చారు కాబట్టి పెళ్ళయినా అదే ఊరు, అవే నోళ్ళు. సొంత చేలో విత్తుతుంటే తలుపు వెనక నిలబడేది. కలుపు తీయడానికి మాత్రం ఆమె చేతులు పనికొచ్చేవి. ఊరంతా బోర్లు పడ్డాయి, ఫోన్లు వచ్చాయి, ఆ మాట మాత్రం పోలేదు.

అయినా కప్పల్ని పెంచడం మానలేదు మా జేజి. గిద్దలూరులో బాబాయి ఇంటికి వచ్చాక కూడా, బాత్రూంలో పాత బకెట్‌లో రెండు ఉండేవి. ఎవరైనా ఉప్పు చల్లబోతే చేతికర్ర ఎత్తేది.

మొన్న ఆదివారం టీ తాగుతూ అడిగింది.

"నాయనా, నువ్వు సదువుకున్నోడివి. ఆ ఏడు వాన రాకపాయె గదా. అందులో నా తప్పేమన్నా ఉందంటావా?"

అది జరిగి ఎనభై ఏళ్ళు దాటాక కూడా అడుగుతోంది.

నేను ఫోన్‌లో ఏదో వీడియో చూస్తున్నాను. "పాత సంగతులు ఇప్పుడెందుకులే జేజీ" అన్నాను. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

నిన్న నవ్విన నలుగురి మీద నాకు ఎంత కోపంగా ఉందో, నా మీద నాకు అంతకన్నా ఎక్కువ ఉంది. వాళ్ళని ఆమె ఏమీ అడగలేదు. నన్ను అడిగింది.

ఫ్యామిలీ గ్రూప్‌లో నిన్నటి నుంచి దండాలు, పువ్వులు, "మహా తల్లి" అని మెసేజ్‌లు. ఇక్కడ అవేమీ పెట్టకండి. ఆమె తప్పు లేదని రాయగలిగితే రాయండి. లేకపోతే ఊరికే ఉండండి.

జేజీ, నీ తప్పు లేదు. ఇసుమంత కూడా లేదు. ఆదివారం నీ మొహం చూసి చెప్పాల్సిన మాట ఇది.

ఇంక ఎవరినీ అడగొద్దు. నెమ్మదిగా పడుకో.