గోడలోంచి లాగిన రాళ్లు

నా చిన్నప్పుడు, అంటే డెబ్భైల్లో, మా అమ్మ ఒమన్‌లో నర్సుగా పనిచేసేది. అల్ సువైక్ దాటాక సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు, అందులో పది మంచాల ఆసుపత్రి. అక్కడ నాకు ఏ లోటూ లేదు, అచ్చంగాయలు ఆడుకోవడానికి రాళ్లు లేకపోవడం తప్ప. ఎటు చూసినా ఇసుకే. గవ్వలు ఎగరేసి పట్టుకుందామంటే బరువు చాలదు.

ఆసుపత్రి పెద్ద డాక్టరుగారు స్కాట్లండు ఆయన. రోగుల వెంట వచ్చేవాళ్లు ఎండలో పడి ఉంటున్నారని వాళ్లకో గది కట్టించాలనుకున్నారు. అందరూ సిమెంటు అంటుంటే, ఆయన తమ దేశపు పల్లెటూళ్లో తన తాతగారి పాత రాతి ఇంటి ఫోటో తెచ్చి, ఇలాంటిదే కావాలని పట్టుబట్టారు. రెండడుగుల మందం గోడలు, చిన్న కిటికీలు, రాయి మీద రాయి తప్ప సున్నం లేదు, సిమెంటు లేదు. చలిని ఆపిన గోడ ఎండను ఆపదా అని ఆయన వాదన.

గది కట్టే కంపెనీ పంపిన మేస్త్రి కరీంనగర్ వైపు మనిషి. ఫోటో చూసి, మా పొలాల గట్ల మీద గోడలూ ఇంతేనని నవ్వి, దూరపు కొండల నుంచి లారీల్లో రాళ్లు తెప్పించి పని మొదలుపెట్టాడు. నాకు బడి లేదు, రోజంతా అక్కడే. గోడ ఒకటిగా కనబడుతుంది గానీ నిజానికి రెండట. లోపలొకటి, బయటొకటి, ఒకదాని వైపు ఒకటి కాస్త వాలి ఉంటాయి. నడుమ చిన్న రాళ్లు కూరి, అక్కడక్కడా పొడుగు రాయి అడ్డంగా వేసి రెంటినీ కలుపుతారు. పెద్ద రాయి కదలకుండా దాని కింద సుత్తితో చెక్కిన చిన్న రాయి బిగిస్తారు. ఇదంతా ఆయన నాకు ఓపిగ్గా చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదాడు, పాపం. నా కళ్లన్నీ గుప్పిట్లో ఇమిడే ఆ చెక్కిన రాళ్ల మీదే. ఆయన భోజనానికి వెళ్లగానే కిటికీ పక్కన కొత్తగా కట్టినచోట ఒక్కొక్కటే లాగేశాను. ఆటకి ఐదు చాలు. నేను గౌను నిండా తెచ్చుకున్నాను.

మూడో రోజు ఆ చోట గోడ పొట్ట ఉబ్బి కూలింది. అప్పుడే పక్కకు జరిగారు కాబట్టి డాక్టరుగారు బతికిపోయారు. కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి అందరి ముందూ మేస్త్రిని హిందీలో తిట్టాడు, ఊరికి పంపించేస్తానన్నాడు. మేస్త్రి కూలిన రాళ్లలో ఏదో వెతుకుతున్నాడు. ఏవి లేవో తెలిసినట్టుంది, తలెత్తి నన్ను చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను గౌను దులుపుకున్నాను. ఆయన సూపర్‌వైజర్ వైపు తిరిగి తప్పు తనదేనన్నాడు.

సాయంత్రం మా గుమ్మం ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"బిడ్డా, ఆ చిన్న రాళ్లు నీ తాన ఉన్నయా? ఉంటె ఇయ్యి, గోడకు గావాలె."

గొంతులో కోపం లేదు. కోపం ఉంటే భయపడి ఇచ్చేసేదాన్నేమో. "నా దగ్గర లేవండీ" అన్నాను. అమ్మ కూడా, "మా పిల్ల అలాంటిది కాదు మేస్త్రిగారూ" అంది.

"సరె తియ్యమ్మా, మళ్ల చెక్కుకుంట" అని వెళ్లిపోయాడు. రాళ్లు నా మంచం కిందే ఉన్నాయి. పడుకునే ముందు ప్రార్థనలో ఆ మాట దేవుడికి కూడా చెప్పలేదు.

శుక్రవారం సెలవు కూడా మానుకుని ఆయన ఆ గోడ మళ్లీ కట్టాడు. గది పూర్తయిన మర్నాడు పొద్దున్న మా కిటికీ గట్టు మీద ఐదు రాళ్లున్నాయి. అన్నీ ఒకే సైజు, గరుకు లేకుండా అరగదీసినవి. వాటిని చూడగానే ఏడుపు తన్నుకొచ్చి అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ కొట్టలేదు. చెయ్యి పట్టుకుని డాక్టరుగారి దగ్గరకు లాక్కెళ్లింది. నా మాట విని ఆయన వెంటనే జీపులో కంపెనీకి వెళ్లారు. మేస్త్రిని అప్పటికే ఊరికి పంపించేశారట. తిరిగి పిలిపించమని డాక్టరుగారు రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు.

నేనూ నర్సునే అయ్యాను. వార్డులో నావల్ల పొరపాటు జరిగితే, ఎవరూ అడగకముందే నాదేనని చెప్పేసేదాన్ని. రిటైరైన రోజు అందరూ నా నిజాయితీని పొగిడారు. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అది నిజాయితీ కాదు, భయం. నా బదులు ఇంకెవరో మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోతారేమోనని భయం.