చదరపు గడి

ధర్మవరంలో గోవిందరాజులు పట్టుచీరల అంగడి చిన్నదే గానీ, ఆయన గీసిన అంచులకు పేరు పెద్దది. చీరలు అమ్ముకునే మనిషి గ్రాఫ్ కాగితం ముందేసుకుని హంసలు గీయడమేమిటని బంధువులు నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు. ఆయన గీస్తే నల్లప్ప మగ్గం మీద నేసేవాడు. రెండేళ్ల కిందట చేతికి వణుకుడు జబ్బు పట్టుకుంది. పెన్సిలు పక్కన పెట్టాడు. దాంతోపాటు మాటా తగ్గింది.

కూతురు సింధూర అది చూసి ఓర్చుకోలేకపోయింది. ఆమెకు హిందూపురంలో ఉద్యోగం, రోజూ రైల్లో రాకపోకలు. మౌస్ నొక్కితే గడి నిండే ప్రోగ్రాం ఒకటి రాస్తే, వణికే చెయ్యి కూడా బొమ్మ గీయగలదు కదా అని తోచింది. నాయన మళ్లీ పనిలో పడాలి. ఆమెకు కావలసింది అంతే.

కాలేజీలో నేర్చిన సి భాష నల్ల తెర మీద కూడికలు చేయడానికే సరిపోయింది. విండోలు, బటన్లు ఉన్న ప్రోగ్రాం ఆమె ఎన్నడూ రాయలేదు. పైగా రాసినదాన్ని కంప్యూటరు నడిపేలా మార్చే కంపైలర్ ఏది పెట్టుకోవాలో తేలలేదు. ఇంటర్నెట్‌లో అందరూ మెచ్చినదాన్ని అంగట్లోని పాత కంప్యూటరులో ఎక్కించబోతే సగంలోనే చతికిలపడింది. చివరికి ఒకరోజు పెనుకొండలో రైలు దిగి, ఒకప్పుడు పాఠం చెప్పిన ఉమాశంకర్ సారును అడిగింది.

“అంత బరువుది నీకెందుకమ్మా? చిన్నది, ఊరికే వచ్చేది ఒకటుండాది. అన్నీ నువ్వే రాసుకోవాల. కష్టమే గానీ నీ కంప్యూటర్ మోస్తాది,” అన్నాడాయన.

కష్టమంటే అట్లాంటిట్లాంటి కష్టం కాదు. తెర మీదికి ఖాళీ విండో ఒకటి రావడానికే మూడు ఆదివారాలు పట్టింది. నొక్కిన చోటే గడి నిండేసరికి ఉగాది పోయి వినాయక చవితి వచ్చింది.

గోవిందరాజులు తెర మీది గడులను చాలాసేపు చూశాడు. ఏదో అనబోయి మానుకుని, “బాగుండాదమ్మా,” అన్నాడు. ఇక నెల రోజులు వదిలిపెట్టలేదు. తప్పు గడి పడితే నవ్వి చెరిపేవాడు. అంచు నిండా హంసలు తేలాయి. సింధూర మురిసిపోయి, ఆయనకు చెప్పకుండా ఆ డిజైను నల్లప్పకిచ్చింది. డిజైను చూసి మగ్గానికి పెట్టే అట్ట కార్డుల్లో చిల్లులు కొట్టేవాడికి గడుల లెక్కతోనే పని, బొమ్మతో కాదు. ఎవరూ కనిపెట్టలేదు.

చీర మగ్గం దిగాక నల్లప్ప అంగడికొచ్చి అంచు పరిచాడు.

“హంసలంటివి గదమ్మా! కొంగలొచ్చినాయి సూడు.”

నిజమే. మెడలు సాగిపోయాయి. మగ్గం మీద నిలువునా సాగే పడుగు పోగులు దగ్గరగా, అడ్డంగా నేసే పేక పోగులు ఎడంగా పడతాయి. అందుకే నేతకు వాడే గ్రాఫ్ కాగితంలో గడి నిలువు పొడుగ్గా ఉంటుంది, చదరంగా ఉండదు. పుట్టినప్పటి నుంచి ఆ కాగితాల మధ్యే పెరిగిన పిల్ల హంసలను చూసింది గానీ గడిని చూడలేదు. చదరపు గడులు గీసి కూర్చుంది.

“నీకు తెలియదా నాయనా?” అని తండ్రిని అడిగింది.

“మొదటి దినమే చూస్తినమ్మా. నా కాలక్షేపానికి చేసినావనుకుంటి. నీ మనసు కష్టపెట్టేదెందుకని ఊరకుంటి.”

ఆయన్ను పనిలో పెట్టాననుకుని కూతురు, కూతుర్ని సంతోషపెడుతున్నానని తండ్రి. ఒక్క మాట అనుకుని ఉంటే ఏం పోయేది ఈ ఇద్దరికీ?

గడి కొలత సరిదిద్దడం గంట పని. సింధూర ఆయన్ను మళ్లీ తెర ముందు కూర్చోబెట్టింది.

“ఇప్పుడు సరిగ్గా ఉండాది,” అన్నాడు. మౌస్ మీద చెయ్యి వేశాడు. “ఇది నిజంగా మగ్గమెక్కుతాదా?”

“ఎక్కుతాది నాయనా.”

చెయ్యి తీసేశాడు.

“వద్దులేమ్మా. ఆటనుకుని ఆడితి. ఈ చేత్తో ఒక గడి తప్పితే నల్లప్ప కష్టమంతా నేలపాలయితాది.”

తప్పు పడితే చెరపవచ్చని ఆమె బతిమాలింది, చెరిపి చూపించింది, ఏడ్చింది కూడా. నెల రోజులు నవ్వుతూ గీసిన మనిషి, ఆ తర్వాత ఒక్క గడి నింపలేదు.