కత్తెరమ్మ లాంతరు పూలు

పెద్దమ్మకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లాంతరు పూల మొక్క ఎవరింట్లో కంటపడినా సరే, ఒక కొమ్మ కత్తిరించుకోనిదే అక్కణ్ణుంచి కదిలేది కాదు. బట్టలు కుట్టే మనిషి కాబట్టి సంచిలో కత్తెర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. వీధివాళ్లంతా ఆమెను కత్తెరమ్మ అనేవారు.

ఉద్యోగం దొరికి పెద్దమ్మ ఇంట్లో దిగిన చెల్లెలి కూతురికి ఆమెతో బయటికెళ్లాలంటే ప్రాణం పోయేది. ఓసారి పళ్ల డాక్టరు దగ్గర పన్ను పీకించుకుని, బుగ్గలో దూదితో బయటికొస్తూ పెద్దమ్మ గుమ్మం పక్కనున్న లాంతరు పూల మొక్క దగ్గర టక్కున ఆగింది.

"పెద్దమ్మా, వద్దు!"

"ఊఁ ఊఁ" అంది పెద్దమ్మ. కత్తెర కిచ్చుమంది.

ఇంటికొచ్చి దూది తీయగానే, "నా పన్ను ఆయన ఉంచుకోలేదూ? చెల్లుకు చెల్లు" అంది.

"అడిగితే ఇస్తారుగా?"

"అడిగి తెస్తే వేరు పట్టదే!"

అలా చేరినవే పెరట్లో పాత పెయింటు డబ్బాల నిండా ఉండేవి. తెల్లవి, పసుపువి, ముదురెరుపువి. ఒకదానికైతే ఎర్ర కోటు కింద పసుపు గౌను తొడిగినట్టుండే పూలు. అన్నీ లాంతర్లలా తలలు వేలాడేసుకుని ఉండేవి.

"ఎలా వచ్చాయో తెలుసు కదా, సిగ్గుపడుతున్నాయి పాపం" అనేది చెల్లెలి కూతురు.

పక్కింటి మందుల షాపాయన దగ్గర మరో రకం ఉండేది. ఆకుల నిండా పసుపు చుక్కలు, నారింజ పూలకు ఎర్రటి ఈనెలు. అదంటే ఆయనకు ప్రాణం. ఓ రోజు పెద్దమ్మ దాని కొమ్మ కత్తిరిస్తూ ఆయనకు కత్తెరతో సహా దొరికిపోయింది.

"దీన్ని దొంగతనమంటారండీ!" అని వీధంతా వినేలా అరిచాడాయన.

"కొస కత్తిరిస్తే గుబురుగా పెరుగుతుందండీ. క్షవరానికి కూలి కూడా అడగలేదు నేను!"

ఆ రోజుతో మాటలు బంద్.

మనుషులకు పూటకొక్క మాత్రే అని గట్టిగా చెప్పే ఆయన, పూలు ఇంకా పెద్దవి కావాలని మొక్కకు మాత్రం గుప్పెళ్లకొద్దీ ఎరువు పోశాడు. ఆకుల అంచులు మాడిపోయాయి. ఆకులన్నీ రాలి, చివరికి ఎండు మోడు మిగిలింది. ఆయన షాపు తెరవడం మానేసి, మెట్ల మీద కూర్చుని దానికేసే చూస్తుండిపోయాడు.

"బాగా అయింది" అంది చెల్లెలి కూతురు.

"నోర్ముయ్యవే. మనిషి అన్నం కూడా తిన్నట్టు లేడు" అంది పెద్దమ్మ గోడ మీంచి చూస్తూ.

ఆయన ఎట్టకేలకు షాపుకు బయల్దేరిన రోజున పెద్దమ్మ ఒక డబ్బా, తాపీ తీసుకుని ఆ గేటు తోసింది. వెనకే బకెట్‌తో చెల్లెలి కూతురు.

"ఎవరైనా చూస్తే?"

"దొంగతనం అనుకుంటారు. మనకేం కొత్తా!"

మాడిన మట్టి తోడేసి కొత్తమట్టి పోసింది. అప్పుడు ఆయన మొక్క నుంచి కత్తిరించిన కొమ్మే తన దగ్గర వేరు పట్టి జానెడు మొక్కయింది. దాన్ని మోడులోంచే చిగురు పుట్టిందనిపించేలా ఆనించి నాటింది.

కొన్నాళ్లకు నారింజ పువ్వు విచ్చుకుంది. షాపాయన కేక విని ఇద్దరూ గోడ దగ్గరికి పరిగెత్తారు.

"చూశారా! చచ్చిందనుకున్నారుగా అందరూ! నా ఎరువు బలం! మొదట్లోంచి తన్నుకొచ్చింది!"

చెల్లెలి కూతురు నోరు తెరవబోయింది. పెద్దమ్మ ఆమె కాలు తొక్కింది.

"అబ్బ, ఏం ఎరువండీ! నాకూ కాస్త ఇద్దురూ!"

ఆయన ముఖం వెలిగిపోయింది. పాత గొడవంతా మర్చిపోయి ఎరువు సంచి అందించాడు. "తీసుకోండి, మొహమాటం వద్దు!"

"ఇంకా ఉందా?"

"అర బస్తా ఉంది."

"అదీ ఇచ్చేయండి."

ఇద్దరూ బస్తాను ఈడ్చుకుంటూ ఇంట్లోకి తెచ్చారు.

"మనకెందుకు పెద్దమ్మా ఇంత?" అంది చెల్లెలి కూతురు రొప్పుతూ.

"మనకెందుకే! అక్కడుంటే ఆ కొత్త మొక్కనీ చంపేస్తాడు" అంటూ పెద్దమ్మ బస్తా మూతి బిగించి కట్టేసింది.