వెనకాల చల్లారిన బండి

పానా పట్టి బతికే ఈ చేతుల మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా రేపటి నుంచి నా షెడ్డుకు ఒక్క బండి రావద్దు. నవ్వేవాళ్ళు నవ్వండి... కానీ చివరిదాకా వినండి.

తెలంగాణ ఉద్యమం రోజులవి. బస్సులన్నీ సమ్మెలో ఉన్నాయి. తొర్రూరులో నాది చిన్న బైకుల షెడ్డు. నా పాత టూ-స్ట్రోక్ బండికి సిలిండర్ బోరు చేయించి, కొత్త పిస్టన్, కొత్త రింగులు వేశాను. కొత్త పిస్టన్‌తో మొదట్లో వేగం నలభై దాటకూడదు. కొంత దూరానికోసారి ఆపి చల్లారనివ్వాలి. లేదంటే వేడికి పిస్టన్ పట్టేసి బండి అక్కడే మొండికేస్తుంది. వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మాటే ఇది. రోడ్లన్నీ ఖాళీ... ఇంతకంటే మంచి రోజు దొరకదనుకుని, గంగారంలో ఉన్న అక్కను చూడటానికి బయలుదేరాను. ఖాళీ రోడ్డు మీద సాయానికి కూడా ఎవరూ ఉండరని తోచలేదు. అతి తెలివి అంటే అదే.

అక్కకు తొమ్మిదో నెల. బావ భూపాలపల్లి బొగ్గుబాయిలో పనిచేస్తాడు, సమ్మెతో అక్కడే ఉండిపోయాడు. నేను చేరిన రోజే పొద్దుగూకే వేళకు అక్కకు నొప్పులు మొదలయ్యాయి. ఫోనుకు సిగ్నల్ లేదు. ఊళ్ళో ఉన్న ఒక్క ఆటో ఉద్యమం సభకు పోయింది. మొదటి కాన్పులో దవాఖానకు చేరేసరికి ఆలస్యమై బిడ్డ దక్కలేదు.

"తమ్మీ, గీసారి గట్ల కావొద్దురా," అంది అక్క.

వాళ్ళత్త ఒక తువ్వాలతో అక్క నడుమును నా నడుముకు కట్టింది. మానుకోట దవాఖానకు యాభై కిలోమీటర్లు. సగానికి పైగా అడవి.

నలభై... ముల్లు కదలనివ్వలేదు. అక్క నొప్పి వచ్చినప్పుడల్లా నా భుజం పిండేస్తోంది. ఒక మలుపు దాటాక వినిపించింది. వెనక ఇంకో బండి. అద్దంలో చూశాను... లైటు లేదు. ఇంజన్లు వింటూ బతికేవాణ్ణి, చప్పుడును బట్టి లోపల ఏముందో చెప్పగలను. బిగుతుగా తిరుగుతున్న టూ-స్ట్రోక్ అది. కొత్త పిస్టన్. అచ్చం నా బండి చప్పుడే.

"అక్కా, ఎనక ఎవలన్న అస్తున్నరా సూడు."

"ఎవ్వలు లేరు. జర జల్ది పోనియ్‌రా."

యాభైకి పెంచాను. ఆ చప్పుడు ఒక్కసారిగా దగ్గరికొచ్చింది... అక్క వీపు వెనకే అన్నంత దగ్గరికి. నలభైకి దించాను. అదీ వెనక్కి తగ్గింది. మళ్ళీ పెంచాను. మళ్ళీ వచ్చింది. ఉరికిస్తే అది పట్టుకుంటుంది, దాన్నుంచి తప్పించుకున్నా పిస్టన్ పట్టేస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంజన్ కాలుతున్న వాసన... ఆపక తప్పలేదు. నేను ఇంజన్ బందు చేయగానే వెనక చప్పుడూ ఆగింది.

చీకటి. అక్క మూలుగు. వేడెక్కిన ఇంజన్ చల్లారుతుంటే ఇనుము చిన్నగా చప్పుడు చేస్తుంది కదా... టిక్... టిక్... నా బండి అలాగే చేసింది. కాసేపటికి ఆగిపోయింది. వంగి సిలిండర్ మీద చేయి పెట్టాను. కాలలేదు.

టిక్...

నాది కాదు.

టిక్... టిక్...

నాలుగడుగుల దూరంలో. ఖాళీ రోడ్డు మీద. దిగి చూద్దామంటే నడుముకు తువ్వాల ముడి. నిజం చెప్పాలంటే, ముడి లేకపోయినా దిగేవాణ్ణి కాదు. అదీ మెల్లగా చల్లారింది... ఆగింది. నేనింకా కిక్ మీద కాలు పెట్టలేదు. వెనక ఎవరో కిక్ కొట్టారు.

ఆ తర్వాత నలభై దాటలేదు. ఇంకో రెండుసార్లు ఆగాను. రెండుసార్లూ అదీ ఆగింది, నాతోపాటే చల్లారింది.

మానుకోట పొలిమేరలో ఉద్యమం వాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టారు. అక్కను చూడగానే ఒక పెద్దాయన పరుగున వచ్చి రాళ్ళు జరిపాడు.

"పో బిడ్డా, పైలం," అని, చీకట్లోకి చూస్తూ అడిగాడు. "ఎనక బండాయినను గూడ రానియ్యాల్నా?"

వెనక్కి తిరిగి చూడకుండా ముందుకు పోయాను.

అర్ధరాత్రి దాటాక ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విని నేనూ ఏడ్చాను. తెల్లారి ఆ పెద్దాయన దగ్గరికి పోయి అడిగాను. రెండు బండ్ల చప్పుడు విన్నాడట. రెండోది వస్తుందని తెల్లారేదాకా రాళ్ళు అడ్డం పెట్టలేదట. ఎవరూ రాలేదు.

తొర్రూరుకు వచ్చి ఇంజన్ విప్పాను. ఇద్దరి బరువు, అంత దూరం... పిస్టన్ మీద ఒక్క గీత లేదు.

మేనకోడలు ఇప్పుడు బడికి పోతోంది. అక్కకు ఈ మాట ఈమధ్యనే చెప్పాను. అది మమ్మల్ని తరిమిందంటాను నేను. అక్క ఒప్పుకోదు.

"నువ్వు ఉరికిస్తే బండి నడి అడివిల ఆగిపోతుండె. గదేందో గని, నిన్ను నలభై దాటనియ్యలే. నా బిడ్డ దక్కింది. దానికో దండం పెట్టురా," అంటుంది.

పెడదామనే ఉంది... ఎటు తిరిగి పెట్టాలో తెలియదు.